ఎలుగొడ్ల మోరీ

మా దగ్గర రోడ్డు వెడల్పు చేసిన తర్వాత నేను కోసి చూసిన మొదటి ఎలుగుబంటి ఆడది. పాలిస్తున్న తల్లి.

నేను పశువైద్యురాలిని. బెళుగుప్ప చుట్టుపక్కల పల్లెల్లో గొర్రెలు, మేకలు, గేదెలు, అప్పుడప్పుడు ఎద్దులు, ఇవే నా పని. వాన పడితే గొర్రెలకు మూతులు వాస్తాయి. పడకపోతే మేత లేక పడిపోతాయి. ఏ కాలమైనా నాకు తీరిక ఉండదు. అయితే అడవి జంతువు ఏది చచ్చినా శవపరీక్ష చేయవలసింది కూడా మేమే. అంతకుముందు ఎప్పుడో ఒక నెమలి, కుక్కలు తరిమి చంపిన ఒక జింక, అంతే నేను చూసినవి. కాబట్టి ఆ పొద్దున ఫారెస్టు సెక్షన్ ఆఫీసరు ఫోన్ చేసి ఎలుగొడ్డు అన్నప్పుడు, వినగానే నాకు నమ్మకం కలగలేదు. మా సీమలో ఎలుగుబంటిని ఎలుగొడ్డు అంటారు. ఎద్దునో ఆవునో పిలిచినంత చనువుగా అంటారు.

నేను వెళ్లేసరికి దాన్ని రోడ్డు పక్కకు ఈడ్చి, మీద సర్కారు తుమ్మ కొమ్మలు కప్పి ఉంచారు. సెక్షన్ ఆఫీసరు ఒక్కడే పక్కన నిలబడి ఉన్నాడు. ఆయనది కదిరి వైపు. సన్నగా, పొడుగ్గా ఉండి, ఎప్పుడూ ఎవరికో క్షమాపణ చెప్పుకోబోతున్నట్టు మాట్లాడే మనిషి. రోడ్డుకు నడుమ కొత్తగా కట్టిన సిమెంటు గోడను చూపించాడు. గోడ పొడవునా పెద్దవీ చిన్నవీ బురద కాళ్ల గుర్తులు అటు కొంత దూరం, ఇటు కొంత దూరం తిరిగి ఉన్నాయి. ఎలుగుబంటి చెట్టే ఎక్కుతుంది, ఆ గోడ దానికి ఒక లెక్క కాదు. కానీ వీపు దిగి వెంట నడిచే వయసు పిల్లలు ఎక్కలేవు. వాటిని గోడ దాటించడానికి అటూ ఇటూ తిరుగుతుండగా ఏదో లారీ గుద్దింది.

చన్ను నొక్కితే పాలు వచ్చాయి. నేను పని మొదలుపెట్టాను. ఆ రోజంతా ఫారెస్టు వాళ్లు పిల్లల కోసం రోడ్డుకు రెండువైపులా వెతికారు. దొరకలేదు. మరునాడు కూడా వెతికారు. తర్వాత మానేశారు.

అది జరిగిన చోటు మా సొంత ఊరి పొలిమేర. అక్కడ రోడ్డుకు పడమట ఒక గుండ్ల కొండ, తూర్పున ఇంకొక గుట్ట ఉన్నాయి. రెండింటి మధ్యలో ఒక వంక పారుతుంది. పారుతుందని అలవాటు కొద్దీ అంటున్నాను. అందులో నీళ్లు కనిపించేది ఏడాదికి కొన్నాళ్లే. పడమటి కొండలో గుహలున్నాయి, ఎలుగొడ్లు అక్కడ ఉంటాయి. తూర్పు గుట్టలో సీతాఫలం చెట్లు, బలుసు, రేగు, బోలెడన్ని చెదల పుట్టలు ఉన్నాయి. తిండికి అటు పోవాలి, ఉండడానికి ఇటు రావాలి. వంకలో పొదల చాటున వచ్చి పోయేవి. వంకకు రెండు పక్కలా ఉన్న చేలు మా నాయనవీ మా చిన్నాయనవీ. నా చిన్నప్పుడు శెనక్కాయ పంట చేతికొచ్చే రోజుల్లో నాయన సాయంత్రం చేన్లోంచి ఇంటికొచ్చి, ఈరోజు ఫలానా సాళ్లు ఎలుగొడ్డు తవ్వుకు తినిందని చెప్పేవాడు. పక్కింటి మేక తినిపోయిందని చెప్పినట్టే చెప్పేవాడు. ఆ మాటలో కోపం ఉండేది కానీ పగ ఉండేది కాదు.

అప్పుడు అక్కడ ఉన్నది రెండు బస్సులు ఎదురెదురైతే ఒకటి మట్టిలోకి దిగాల్సిన రోడ్డు. ఇప్పుడు నాలుగు వరుసలు. వంక మీద మాత్రం పాత సన్న గొట్టాల మోరీయే మళ్లీ వేసి, పైన రోడ్డు ఎత్తు చేశారు. నీళ్లు పోవడానికి అది చాలునని లెక్క వేసిన వాళ్లు చెప్పారట. ఎలుగొడ్డు ఆ గొట్టంలో పట్టదు.

ఆ తల్లి తర్వాత ఒక మగది చచ్చింది. తర్వాత ఒక తోడేలు. తర్వాత ఇంకొక ఎలుగు, ఇంకా పూర్తిగా పెరగనిది. సెక్షన్ ఆఫీసరు ప్రతిసారీ పైవాళ్లకు రాశాడు. వంక మీద గొట్టాలు తీసేసి పెద్ద మోరీ కట్టమని, దాని కిందుగా జంతువులు పోతాయని. జవాబు వచ్చేది కాదు. వస్తే, డిజైన్ ఎప్పుడో అయిపోయిందని వచ్చేది. ఒకరోజు ఆయన మా ఆసుపత్రికి వచ్చి కూర్చుని, ఈ ఊళ్లో మాట చెల్లే మనిషి ఎవరైనా అడిగితే తప్ప ఇది కాదండీ అన్నాడు. మాట చెల్లే మనిషి ఎవరో నాకు తెలుసు. మా చిన్నాయన.

నాయన పోయినప్పుడు నేను డిగ్రీ మధ్యలో ఉన్నాను. ఆడపిల్లకు గొడ్ల డాక్టరు చదువేమిటని ఇంట్లో అందరూ అన్నారు. నన్ను మళ్లీ బస్సెక్కించింది చిన్నాయన. గేదెకు పురుడు పోసే పని ఆడవాళ్లు చేస్తే తప్పు లేనప్పుడు ఈ పనికేమొచ్చిందని అందరి నోళ్లూ మూయించాడు. తర్వాత ఒకసారి సర్పంచి అయ్యాడు. ఆ పదవి పోయినా ఆయన దగ్గరికి వచ్చేవాళ్లు తగ్గలేదు. నేను వెళ్లి చచ్చిన తల్లి గురించి, గోడ మీది గుర్తుల గురించి చెప్పాను. ఆయన మధ్యలో అడ్డం రాకుండా విన్నాడు. మోరీ ఎంత ఎత్తు ఉండాలని మాత్రం అడిగాడు. నాకు తెలియదని, ఎలుగు నడిచేంత ఉంటే చాలని చెప్పాను.

కొన్నాళ్లకు రోడ్డు విషయం మీద మండలంలో సభ పెట్టారు. సర్వీసు రోడ్డు కావాలని కొందరు, బస్సు ఆగే చోటు కావాలని కొందరు అడిగారు. సెక్షన్ ఆఫీసరు లేచి వంక గురించి చెప్పబోతే వెనక ఎవరో నవ్వారు. ఆయన తడబడ్డాడు. అప్పుడు చిన్నాయన లేచాడు.

"సార్, ఆ రెండు గుట్టలకీ నడుమ వంక ఉండాది. మా తాతల కాలం నుంచీ ఎలుగొడ్లు ఆ వంకలోనే పోతాండాయి, వస్తాండాయి. మీరు వచ్చి వాటి దారికి అడ్డంగా గోడ కట్టినారు. ఈపొద్దు అవి చస్తాండాయి. రేపు వాటిని తప్పియ్యబోయి మనుషులు చస్తారు. ఆడ మోరీ పెద్దది చెయ్యండి. మా ఊరు అడిగేది అదొకటే."

ఎంత పెద్దదని రోడ్డు ఇంజనీరు అడిగాడు. చిన్నాయన చెప్పిన ఎత్తు విని, ఎలుగుబంటికి అంతెందుకండీ, నడుము ఎత్తు సరిపోదా అన్నాడు.

"తల్లి ఎలుగొడ్డు పిల్లల్ని ఈపున ఎక్కిచ్చుకుని పోతాది సార్. ఈపు మీది పిల్లకు తల తగలకూడదు కదా."

సభంతా నవ్వింది. ఇంజనీరు కూడా నవ్వాడు. నా కళ్లలో నీళ్లు తిరిగాయి. మా నాయన తమ్ముడు, ఏ పుస్తకమూ చదవని మనిషి, నిండు సభలో ఎలుగుపిల్ల తల గురించి మాట్లాడుతున్నాడు. నేను అంత గర్వపడిన సందర్భం నా జీవితంలో ఇంకొకటి లేదు.

ఆయన అక్కడితో ఆగలేదు. పెద్దవాళ్ల దగ్గరికి తిరిగాడు, అనంతపురం పోయాడు, ఇంకా పైకి కూడా పోయాడు. చివరికి మంజూరు చేయించాడు. గొట్టాలు పెరికేసి, వంక మీద వెడల్పుగా, ఎత్తుగా సిమెంటు మోరీ కట్టారు. సెక్షన్ ఆఫీసరు అడుగున సిమెంటు వేయనివ్వలేదు. మట్టి పోయించి, బండరాళ్లు అక్కడక్కడా పెట్టించాడు. రెండు వైపులా నోటి దగ్గర సీతాఫలం మొక్కలు నాటించాడు. మేము ముగ్గురమూ ఒక సాయంత్రం పోయి అందులో ఈ చివర నుంచి ఆ చివరకు నడిచాం. పైన లారీలు పోతుంటే లోపల దూరపు ఉరుములా వినిపించింది. ఇంత చప్పుడుకు వస్తాయా అని నేను అడిగాను. కొంచెం అలవాటు కావాలంటూ సెక్షన్ ఆఫీసరు ఒక కెమెరా బిగించాడు.

చాలా రోజులు కుక్కలే వచ్చాయి. తర్వాత ఒక గుంటనక్క. తర్వాత ఒక వానకు వంక తడిసిన వారంలో, పొద్దు గూట్లో పడే వేళ, ఒక ఎలుగు తలొంచుకుని నడిచి వస్తున్న బొమ్మ పడింది. దాని వీపు మీద బొచ్చులోకి ముఖం దూర్చి ఒక పిల్ల ఉంది. సెక్షన్ ఆఫీసరు అది నాకు పంపి, వెంటనే ఫోన్ చేసి, వీపు మీద చూడండి అని పెట్టేశాడు. నేను బండి వేసుకుని చిన్నాయన దగ్గరికి పోయాను. ఆయన ఫోనును దూరంగా పట్టుకుని చూసి, బాగుండాదే అన్నాడు. చిన్నమ్మ, అంటే ఆయన భార్య, ఆ బొమ్మను చూసి పిల్లకు దిష్టి తగులుతుందని నా ఫోను చుట్టూ చేయి తిప్పి మెటికలు విరిచింది. ఊళ్లో అందరూ దాన్ని ఎలుగొడ్ల మోరీ అనడం మొదలుపెట్టారు. ఆ ఏడు రోడ్డు మీద ఎలుగు ఏదీ చావలేదు.

మరుసటి ఎండాకాలం నేను అటు పోతుంటే మోరీ అడుగున సిమెంటు పోస్తున్నారు. బండరాళ్లు ఒక పక్కకు నెట్టేశారు. సీతాఫలం మొక్కల మీదుగా టిప్పరు పోయినట్టుంది, అవి నేలకు అతుక్కుపోయి ఉన్నాయి. ఎవరు చేయిస్తున్నారని అడిగితే, కూలీలు మా చిన్నాయన పేరు చెప్పారు.

తెలిసినదేమంటే, రోడ్డుకు తూర్పున ఉన్న తన చేను మొత్తాన్నీ, నాయన పోయాక కొనుక్కున్న మా భాగంతో సహా, చిన్నాయన సోలారు కరెంటు కంపెనీకి కౌలుకు ఇచ్చాడు. పక్క చేలవాళ్ల చేత కూడా ఇప్పించాడు. పలకలు మోసుకొచ్చే లారీలు ఆ నేలలోకి దిగాలంటే మామూలుగా చాలా దూరం పోయి తిరిగి రావాలి. మోరీ కిందుగా అయితే పడమటి వైపు మట్టి రోడ్డు మీంచి నేరుగా పోవచ్చు. మోరీ ఎత్తు సరిగ్గా లారీకి సరిపోయింది.

నేను ఆయన ఇంటికి పోయాను. వసారాలో కుర్చీ వేసుకుని కూర్చుని ఉన్నాడు. నన్ను చూసి చిన్నమ్మను కాఫీ పెట్టమన్నాడు.

"చిన్నాయనా, ఆ మోరీ ఎలుగొడ్ల కోసం అడిగినావా, లారీల కోసం అడిగినావా?"

ఆయన తప్పించుకోలేదు. నా ముఖంలోకి చూసే చెప్పాడు.

"రెండిటికీ అడిగినా పాపా. ఎలుగొడ్ల పేరు చెప్పకుంటే వాళ్లు మోరీ ఇచ్చేవాళ్లా? లారీల పని లేకుంటే నేను అన్ని ఆఫీసులు తిరిగేవాణ్ణా?"

ఆయన ఇంకా చెప్పాడు. వానలు లేవు, వేసిన బోర్లన్నీ ఎండిపోయాయి, శెనక్కాయ వేస్తే విత్తనం కూడా తిరిగి రావడం లేదు. మీ నాయన పోయినాక ఆ నేలలో ఏమి పండిందో నువ్వే చెప్పు అన్నాడు. అది కూడా నిజమే. ఆ ఊళ్లో ఆ నేలను నమ్ముకున్న వాళ్లు ఏమయ్యారో నేను రోజూ చూస్తున్నదాన్నే. చేన్లు కౌలుకు ఇవ్వొద్దని నేను అనలేదు. వంక వెంబడి కొంత వదిలి కంచె వేసుకోమని, వంక గట్ల మీద పొదలు కొట్టకుండా ఉంచితే చాలని, లారీలు పగలు పోతే ఎలుగొడ్లు పొద్దు గూకినాక పోతాయని మాత్రమే చెప్పాను. అదంతా కంపెనీవాళ్లకు చెప్పి చూశానని, వాళ్లు ఒప్పుకోలేదని ఆయన అన్నాడు. నేను ఆ మాట నమ్మి, కాఫీ తాగి వచ్చాను.

కంచె పడింది. మనిషిని మించిన ఎత్తు ఇనుప వల, కింద సిమెంటు దిమ్మె. మోరీ తూర్పు నోటికి ఎదురుగా ఒక గేటు. వంక కంచె లోపలికి పోయింది, చదునైపోయింది. ఎలుగు మోరీలోంచి బయటికొస్తే ఎదురుగా గేటు, కుడివైపు కంచె, ఎడమవైపు కంచెకూ రోడ్డు కట్టకూ నడుమ ఒక సందు. ఆ సందు పోయి పోయి కూరగాయల చేలలో తేలుతుంది.

ఆ పని చూసే మేనేజరు వేరే జిల్లా కుర్రాడు. గేటు దగ్గరే రేకుల గదిలో ఉండేవాడు. వాళ్లు పెంచుకుంటున్న కుక్కకు జ్వరమొస్తే నన్ను పిలిచాడు. కుక్కకు సూది వేసి, చేతులు కడుక్కుంటూ, వంక వెంబడి కొంచెం వదిలి ఉంటే మీకేమి పోయేదని అడిగాను. ఆ అబ్బాయి ఆశ్చర్యపోయాడు.

"మేమే అడిగాం మేడమ్. వాగు పక్కన జంతువులు తిరుగుతాయేమో, కొంత వదిలేద్దామా అని. సారే అక్కర్లేదన్నారు. ఇక్కడ ఏ జంతువూ తిరగదని చెప్పారు."

సారంటే ఎవరని అడగనవసరం లేకపోయింది. వదిలిన మేరకు కౌలు తగ్గుతుంది, అంతే కారణం. నేను తువ్వాలు ఆ అబ్బాయి చేతిలో పెట్టి బయటికొచ్చి బండి ఎక్కాను. మోసపోయానని బాధ కాదు. అబద్ధం చెప్పాల్సిన అవసరం కూడా ఆయనకు లేదే అని. నేను ఎవరినని నాకు అబద్ధం చెప్పాడు? నిజం చెప్పినా నేను చేయగలిగింది ఏమీ లేదు కదా.

సెక్షన్ ఆఫీసరు మళ్లీ రాశాడు. ఆ నేల అడవి కాదు, పట్టా నేల, అందులో కంచె వేసుకోవడం వాళ్ల ఇష్టం అని జవాబు వచ్చింది. ఆయన మోరీకి పోయి కెమెరా విప్పుకుని వచ్చాడు. చివరి బొమ్మల్లో లారీలు, మందు సీసాలతో కూర్చున్న మనుషులు, ఒకే ఒక్కసారి, గేటు ముందు నిలబడి పైకి చూస్తున్న ఎలుగు ఉన్నాయని చెప్పాడు. నన్ను చూడమన్నాడు. నేను చూడలేదు.

టమాటా కోతల రోజుల్లో ఒక పొద్దున ఫోన్ వచ్చింది. ఎలుగు ఆ సందులోంచి పోయి టమాటా చేన్లో పడింది. కూలి ఆడవాళ్లు వంగి కాయలు కోస్తున్నారు. అది వాళ్లను చూసి బెదిరింది, వాళ్లు దాన్ని చూసి కేకలు పెట్టారు. వాళ్లలో ఒకామె దానికి మరీ దగ్గరగా ఉంది. ఆమె నాకు బాగా తెలిసిన మనిషి. మేకలకు జబ్బు చేస్తే చంకన పిల్లను ఎత్తుకున్నట్టు మేకను ఎత్తుకుని, మా ఆసుపత్రికి నడిచి వచ్చేది. నేను రాసే మందుల కంటే నా చేతి వాచీ గురించి ఎక్కువ అడిగేది. ఎలుగు ఆమె ముఖం మీద కొట్టింది.

నేను పోయేసరికి ఆమెను తీసుకుపోయారు. చిన్నాయన తన కారులో వేసుకుని అనంతపురం పోయాడని చెప్పారు. ఎలుగు మాత్రం వెనక్కి, వచ్చిన సందులోకే పరుగెత్తింది. మోరీ దాకా పోయి ఉంటే కొండకు చేరేది. కానీ అప్పటికే మోరీలో లారీ ఉంది, దాని వెనక జనం ఉన్నారు. ఇటువైపు నుంచి కట్టెలు, రాళ్లతో ఊరు వచ్చింది. కంచెకూ రోడ్డు కట్టకూ మధ్య అది చిక్కుకుపోయింది. మత్తు సూది వేసేవాళ్లు దూరం నుంచి రావాలి. సెక్షన్ ఆఫీసరు జనానికి అడ్డంగా రెండు చేతులూ చాచి నిలబడి, కొంచెం ఆగండి, కొంచెం ఆగండి అంటూనే ఉన్నాడు. ఒక రాయి ఆయన భుజానికి తగిలింది. నేను ఎవరెవరినో పేరు పెట్టి పిలిచాను. అందరూ నాకు తెలిసినవాళ్లే, వాళ్ల గొర్రెలకు నేను మందు పోసినదాన్నే. ఒక్కరూ నా వైపు తిరగలేదు. వాళ్లను నేను తప్పు పట్టలేను. ఆ ఆడమనిషి ముఖాన్ని వాళ్లు చూశారు, నేను చూడలేదు.

చప్పుడు ఆగిపోయాక నన్ను పిలిచారు. అది ఆడది. చిన్న వయసు. కడుపులో మట్టి, చెదలు, కాసిని టమాటా తొక్కలు తప్ప ఏమీ లేవు. తూర్పు గుట్టలో అప్పుడు సీతాఫలాలు పండి రాలుతున్న కాలం.

కొన్ని రోజుల తర్వాత, దెబ్బ తిన్న ఆమెను చూడడానికి అనంతపురం ఆసుపత్రికి పోయాను. ఆమె ముఖానికి సగం వరకు కట్టు ఉంది. ఒక కన్ను పోయింది. నేను తెచ్చిన పండ్లను ఆమె కూతురు తీసుకుని కింద పెట్టింది. నేను ఏదో అనబోయాను. ఆమె చేత్తో ఆపింది.

"ఎలుగొడ్ల కోసరం మోరీ కట్టిచ్చింది నువ్వే కదా డాక్టరమ్మా. ఆ మోరీ లేకుంటే అది ఈ పక్కకు వచ్చేదా?"

కంచె గురించి చెబుదామనుకున్నాను. గేటు గురించి, వంక వెంబడి వదలని ఆ కొంచెం నేల గురించి. కానీ ఆమెను కారులో ఎక్కించుకుని వచ్చింది చిన్నాయన. మంచం ఇప్పించింది, పెద్ద డాక్టరును పిలిపించింది ఆయనే. కూతురికి ఆ కంపెనీలోనే పని ఇప్పిస్తానని చెప్పినట్టు అప్పటికే ఊరంతటికీ తెలుసు. నేను అవేవీ ఎత్తకుండా లేచి వచ్చాను. ఆమె ఆ తర్వాత మేకలను అమ్మేసింది. మా ఆసుపత్రికి ఎప్పుడూ రాలేదు.

మళ్లీ సభ పెట్టారు. అదే మండలాఫీసు, అవే కుర్చీలు. ఈసారి మొదటి నుంచీ మాట్లాడింది చిన్నాయనే. ఎలుగొడ్లతో ఊరు కష్టాలు పడుతోందని, ఆడవాళ్లు చేన్లకు పోవాలంటే వణికిపోతున్నారని చెప్పి, వాటిని పట్టి యాడన్నా దూరంగా వదలాలని అడిగాడు. గొంతు అదే, చేయి ఎత్తే తీరు అదే. ఈసారి ఎవరూ నవ్వలేదు, చప్పట్లు కొట్టారు. సెక్షన్ ఆఫీసరు నా పక్కనే కూర్చుని సభ ముగిసేదాకా తల ఎత్తలేదు. తర్వాత కొన్నాళ్లకే ఆయనకు బదిలీ అయింది.

పోయే ముందు ఆయన ఒక్క పని సాధించాడు. వేరే ఎవరెవరి చేతనో చెప్పించి, కంపెనీ చేత ఒక అంచున కంచెను లోపలికి జరిపించాడు. మోరీ నుంచి తూర్పు గుట్ట దాకా ఒక సన్న దారి మిగిలింది. దానికి రెండు వైపులా ఇనుప వల ఉంటుంది. నేల మీద పగిలిన పలకల గాజు, సిమెంటు పెళ్లలు, సంచులు. ఒక్క పొద అయినా లేదు. దారి ఉంది అని కాగితం మీద చూపించవచ్చు. ఇప్పటిదాకా అందులో నేను చూసింది కుక్కలనే. తూర్పు గుట్టలో ఇప్పుడు సీతాఫలాలను మనుషులు కోసుకోగా మిగిలినవి కుళ్లిపోతున్నాయి. పడమటి కొండలో ఎలుగొడ్లు ఎన్ని మిగిలాయో, అసలు మిగిలాయో లేదో కొత్తగా వచ్చిన ఆఫీసరుకు తెలియదు. ఆయన మంచివాడే, పని ఎక్కువ.

చిన్నాయనతో నేను మాటలు మానేశాను. పోట్లాడి మానేయలేదు. ఆయన ఇంటి వైపు పోవడం తగ్గించాను, తర్వాత పూర్తిగా మానేశాను. చిన్నమ్మ ఫోన్ చేస్తే పని ఉందనేదాన్ని.

మొన్న వేసవిలో చిన్నమ్మే ఫోన్ చేసి, ఎనుము ఈనలేకపోతోందని ఏడ్చింది. పోక తప్పలేదు. దూడ ముందరి కాలు లోపల మడతపడి ఉంది. నేను చేయి పెట్టి, దూడను వెనక్కి నెట్టి, కాలు తిప్పుతుంటే చిన్నాయన గేదె తోకను పక్కకు పట్టుకుని నిలబడ్డాడు. బాగా ముసలివాడైపోయాడు. చాలాసేపు పట్టింది. ఇద్దరం కలిసి లాగాం. నేను ఎప్పుడు లాగమంటే అప్పుడు లాగాడు, ఆగమంటే ఆగాడు. దూడ బతికింది. గడ్డితో దాని ముక్కు తుడిచి, తల్లి ముందుకు జరిపాను.

"ఇంగా కోపమేనా పాపా?" అన్నాడు.

నేను బకెట్టులో చేతులు కడుక్కుంటున్నాను. మాయ పడకపోతే కబురు చేయమని, లాగవద్దని చెప్పాను.

"మీ నాయన ఉండుంటే ఆయన కూడా నేను చేసిందే చేసుండేవాడు," అన్నాడు.

కాదని చెప్పాలని నోటిదాకా వచ్చింది. మా నాయన ఎలుగొడ్డు తవ్విన సాళ్ల గురించి చెప్పే గొంతు నాకు గుర్తుంది. కానీ ఆయన పోయింది బోర్లు ఎండిపోక ముందు. ఎండిపోయాక ఏమి చేసి ఉండేవాడో నాకు తెలియదు. చిన్నాయన నా దగ్గర నుంచి ఆ నమ్మకాన్ని కూడా లాక్కున్నాడు.

"ఏమో చిన్నాయనా. ఆయన లేడు కదా," అన్నాను.

చిన్నమ్మ గ్లాసులో కాఫీ తెచ్చింది. ఇంట్లోకి రమ్మంది. నేను పోలేదు. ఆమె ముఖం చూసి ఆ కొట్టం దగ్గరే నిలబడి కాఫీ తాగాను. చక్కెర ఎక్కువైంది. గ్లాసు ఆమె చేతికిచ్చి, సంచి భుజాన వేసుకుని, ఇంకో ఊళ్లో గొర్రెలకు టీకాలు వేయాల్సి ఉంటే అటు పోయాను.